ఒంటె మీద ఆగిపోయిన నవల

కరోనాకు ముందు సంవత్సరం. సూరత్‌లో ఒక చిన్న క్లినిక్‌లో స్పీచ్ థెరపిస్టుగా పని చేస్తున్నాను. మా పనంటే చాలామందికి నత్తి పోగొట్టడమే గుర్తొస్తుంది. నిజానికి నా దగ్గరికి వచ్చేవాళ్లలో పక్షవాతం వచ్చి మాట పోయిన పెద్దవాళ్లే ఎక్కువ. ఎదుటివాళ్లు అనేది అర్థమవుతుంది, చెప్పాల్సింది మనసులో ఉంటుంది, మాట మాత్రం నోటిదాకా రాదు. దాన్ని అఫేసియా అంటాం. నాన్నది రైల్వే ఉద్యోగం కావడంతో నేను ఈ ఊళ్లోనే పెరిగాను. క్లినిక్ మొత్తానికి తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి తెలుగు పేషెంటు ఎవరు గుమ్మం తొక్కినా ఆ ఫైలు నా బల్ల మీద పడేది.

అలా పడిందే మల్లేశం గారి ఫైలు. సూరత్‌లోనే నవాగామ్ అనే పేటలో ఉండేవారు. పవర్‌లూమ్ మగ్గాలు బాగుచేసే మెకానిక్. స్ట్రోకు వల్ల కుడిచెయ్యి కాస్త బలహీనపడింది, మాట మాత్రం పూర్తిగా పడిపోయింది. ఏమడిగినా "అదే... అదే..." అనేవారు. వెంట ఆయన భార్య నర్సవ్వ వచ్చేది.

నేను నా బొమ్మల కార్డుల కట్ట తీశాను. గొడుగు చూపించి, "వానొస్తే వేసుకుంటాం, గొ..." అన్నాను. ఇలా మొదటి అక్షరం అందించడాన్ని క్యూ ఇవ్వడం అంటాం. ఆయన బొమ్మనూ నన్నూ ఒకసారి చూసి మొహం తిప్పుకున్నారు. అరటిపండుకీ అదే మర్యాద జరిగింది. వారాలు గడిచాయి. నాది మొండిపట్టు అని ఇంట్లో అంటారు, ఆయనది నాకన్నా గట్టిది.

"గీ బొమ్మలు ఆయనకు నచ్చుతలెవ్వు బిడ్డా," అంది నర్సవ్వ ఒకరోజు. "ఆయన కథలు రాస్తడు. ఒక నవల ఆఖరుకొచ్చి ఆగింది. గదే రంది. కాయిదాలు ముంగటేసుకొని కూసుంటడు. రాయరాదు, చెప్పరాదు. కండ్లల్ల నీళ్లు."

"ఏం నవల?"

"నాకేమెరుక? అండ్ల ఒక ఒంటె ఉంటదట."

ఆ ఒంటె సంగతి నర్సవ్వ పంపితే వెళ్లి కలిసిన మల్లేశం గారి స్నేహితుడు రావు గారి దగ్గర తెలిసింది. ఆయన రైల్వేలో రిటైరైన గుంటూరు మనిషి. ప్రతి ఆదివారం ఆయనింట్లో నలుగురైదుగురు తెలుగు రాతగాళ్లు చేరేవారు. రాసింది చదువుకోవడం, టీ తాగడం, ఒకరి రాతను ఒకరు చీల్చి చెండాడుకోవడం. అచ్చులో ఎవరి పేరూ ఎన్నడూ పడలేదు, ఉత్సాహానికి మాత్రం లోటు లేదు. అక్కడ మల్లేశం గారు వారానికో అధ్యాయం చదివేవారట. హీరో చంద్రం చీరల సేల్స్‌మన్, నీళ్లంటే హడల్. హీరోయిన్ కోకిల డుమాస్ బీచ్‌లో జనాన్ని ఒంటెక్కించి తిప్పే పిల్ల. దొంగలెత్తుకుపోయిన పెళ్లిచీరల మూట కోసం ఇద్దరూ ఒంటె మీద ఊరంతా తిరుగుతారు. చంద్రం ప్రేమ సంగతి ఎత్తబోయినప్పుడల్లా ఒంటె పరుగందుకుంటుంది.

"మూట దొరికిందమ్మా," అన్నారు రావు గారు. "తిరిగొస్తుంటే ఒంటె సముద్రంలో మొరాయించి నిలబడిపోయింది. పోటు వస్తోంది. ఆ వారమే మావాడికి స్ట్రోకు. ఆ ఇద్దరూ ఇంకా నీళ్లలోనే ఉన్నారు!"

నాకు నవ్వొచ్చింది. మల్లేశం గారికి గొడుగుతో ఏం పని? ఆ ఇద్దరినీ ఒడ్డుకు చేర్చాలి, అందుకు మాట కావాలి. తర్వాతి సెషన్‌కు రావు గారిని రమ్మన్నాను.

ఆయన ఊరికే రాలేదు. స్నేహితుడి అవస్థ చూడలేక ఆఖరి అధ్యాయం తానే రాసుకొచ్చారు. గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. "పోటు ముంచుకొచ్చింది. కోకిల భయంతో కెవ్వుమని చంద్రం గుండెల మీద వాలిపోయింది..."

మల్లేశం గారి ఎడమచెయ్యి బల్ల మీద ఠపీమని పడింది.

"లే... లేదు! కోకిల... భయ... పడది!"

ముగ్గురం నోళ్లు తెరిచాం. ఆయన ఆగలేదు. "చంద్రం... పిరికోడు!"

"మాట్లాడిండు బిడ్డా," అని నర్సవ్వ నా చెయ్యి పట్టుకుంది. నాకూ కళ్లు చెమర్చాయి. రావు గారొక్కరే నొచ్చుకున్నారు. "అంటే నా వాక్యం బాలేదంటావా?"

"బా...లేదు," అన్నారు మల్లేశం గారు.

ఆ రోజుతో కార్డులు సొరుగులోకి పోయాయి. రావు గారు వచ్చినప్పుడల్లా ఒక కొత్త ముగింపు తెచ్చేవారు. కథను చెడగొట్టమని ఆయన్ను అడగాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఒకసారి ఏకంగా ఒంటెనే చంపేశారు. అప్పుడు మల్లేశం గారి నోట ఒక పూర్తి వాక్యం వచ్చింది. తిట్టే అయినా నేను దాన్ని ఫైల్లో ప్రోగ్రెస్ కింద రాసుకున్నాను. కోపం చల్లారాక ఆయన ముక్కలు ముక్కలుగా అసలు కథ చెప్పేవారు, రావు గారు రాసిపెట్టేవారు. అందరికీ ఒకటే షరతు పెట్టాను, ఆయన మాట వెతుక్కుంటున్నప్పుడు ఎవరూ అందించకూడదు. రావు గారికి అది పెద్ద శిక్ష.

చలికాలానికి అధ్యాయం పూర్తయింది, ఒక్క మాట తప్ప. దాన్ని మల్లేశం గారు ఎవరికీ చెప్పలేదు. ఆదివారం అందరి ముందే చెప్తానని సైగ చేశారు.

ఆ ఆదివారం నన్నూ పిలిచారు. నర్సవ్వ కూడా మొదటిసారి రావు గారింటికొచ్చి తలుపు పక్కన కూర్చుంది. పళ్లెంలో వేడివేడి పోంక్ వడలు, లేత జొన్నగింజలతో చలికాలంలో ఇక్కడ చేస్తారు. మల్లేశం గారు ఒక్కో మాటా కూడదీసుకుంటూ చదివారు. పోటు తగ్గింది. ఒంటె తనంతట తానే నడిచి ఇసుక మీదికి వచ్చి కూర్చుంది. "ఒడ్డొచ్చింది, దిగు," అంది కోకిల. చంద్రం ఆమె వంక చూసి అన్నాడు, "నాకు..."

అక్కడ ఆగిపోయారు.

ఎప్పుడూ ఒకరి మాట ఒకరు తెంపేసే ఆ మనుషుల్లో ఒక్కరూ కదల్లేదు. రావు గారు పెదవులు బిగించుకున్నారు. చంద్రం అన్ని అధ్యాయాల్లోనూ చెప్పలేకపోయిన మాట ఏదో మా అందరికీ తెలుసు. 'ప్రే' అన్న అక్షరం నా నాలుక మీదే ఉంది. మల్లేశం గారి నుదుటన చెమట పడుతుంటే చూడలేక తల దించుకున్నాను.

"నాకు..." అన్నారు మళ్లీ. "నాకు... దిగబుద్ధి... అయితలేదు."

గదంతా నవ్వులతో గొల్లుమంది. రావు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఇది నాకు జన్మలో తట్టేది కాదయ్యా," అన్నారు.

"గీ మాటకేనా గిన్నొద్దులు వాళ్లను నీళ్లల్ల నిలవెట్టినవ్?" అంది నర్సవ్వ. విసుక్కున్నట్టే అంది గానీ మొహమంతా నవ్వే.

ఆ క్లినిక్ ఇప్పుడు లేదు, అక్కడ మొబైల్ షాపు పెట్టారు. కరోనా తర్వాత ఆదివారాలు మళ్లీ మొదలవలేదు, రావు గారు గుంటూరు వెళ్లిపోయారు. ఆ గది, ఆ దెబ్బలాటలు తలుచుకుంటే ఇప్పటికీ బెంగగా ఉంటుంది. ఇప్పుడు పని చేసేచోట నా ముందు కూర్చున్న పేషెంటు ఏ మాట కోసం తడుముకుంటున్నాడో నాకు తెలిసిపోయిందని అనిపించినప్పుడల్లా నోరు కట్టేసుకుంటాను. ఆ రోజు నేను 'ప్రే' అని అందించి ఉంటే మల్లేశం గారు మర్యాదకైనా ఆ మాటే అనేసేవారు. మేమంతా చప్పట్లు కొట్టేవాళ్లం. చంద్రం ఒంటె దిగి వెళ్లిపోయేవాడు.