ఆదిలక్ష్మి మెయిన్ స్విచ్ ఆపిన రోజు

2001లో నేను అనంతపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్‌ని. ల్యాబులో ఇంగ్లీషు తప్ప వినపడకూడదని ప్రిన్సిపాల్ గారి ఆజ్ఞ. నేను మాత్రం తలుపు మూసి తెలుగులో చెప్పేదాన్ని. వరండాలో చెప్పుల చప్పుడైతే చాలు, ఇంగ్లీషులోకి మారిపోయేదాన్ని.

బెళుగుప్ప రైతుబిడ్డ ఆదిలక్ష్మికి లూప్, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడం, ఎంతకీ తలకెక్కలేదు. "మీ బోరు మోటారనుకో. నీళ్లున్నంతసేపు తిరగాలి, అయిపోతే ఆగాలి" అన్నాను. ఇట్టే పట్టేసింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ప్రాక్టికల్స్ వచ్చాయి. ఈసారి తప్పితే చదువు మాన్పిస్తానని వాళ్ల నాయన తేల్చేశాడు. పది నుంచి ఒకటి దాకా అంకెలు వచ్చే ప్రోగ్రాం రాయమన్నాడు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్. ఆదిలక్ష్మి తెర మీద పది, పది, పది అంటూ ఒకే అంకె ఆగకుండా పరిగెత్తింది. ఆమె కెవ్వుమని లేచి, గోడ దగ్గరికి ఉరికి, మెయిన్ స్విచ్ ఆపేసింది. ల్యాబులోని పది కంప్యూటర్లూ ఆరిపోయాయి.

ఎగ్జామినర్ ఇంగ్లీషులో గద్దించాడు. ఆ పిల్లకి ఇంగ్లీషులో జవాబు చెప్పడం రాదు. గుమ్మంలో ప్రిన్సిపాల్ గారు. మాట్లాడితే నా ఉద్యోగం పోతుంది, ఊరుకుంటే ఆమె చదువు పోతుంది.

"సార్, తెలుగులో చెప్పనివ్వండి" అన్నాను.

ఎగ్జామినర్ నన్ను ఎగాదిగా చూసి, "సరే. ఎందుకు ఆపావమ్మా?" అన్నాడు.

"కాలిపోతాదని సార్. మా నాయన మోటారు అట్నే కాలిపోయింది. నీళ్లు అయిపోయినా తిరుగుతానే ఉండె."

"ఇది ఎందుకు ఆగలేదు మరి?"

"అయిపోయినాయా అని చూసేది రాసినా సార్. ఒగోసారికి ఒగటి తగ్గించేది మర్సిపోయినా. తగ్గకుంటే యాడ ఆగుతాది?"

ఆయనే వెళ్లి స్విచ్ వేశాడు. అందరినీ మళ్లీ రాయమన్నాడు. ఆదిలక్ష్మి ఆ ఒక్క వరుస చేర్చింది. అంకెలు ఒకటి దాకా వచ్చి ఆగాయి. ఆమె పాసైంది. ప్రిన్సిపాల్ గారు నన్ను ఏమీ అనలేదు. అయినా నెల రోజులు ఆయన పిలుపు కోసం బిక్కుబిక్కుమంటూ ఎదురుచూశాను.

ఆ పిల్లలో భయం పెట్టింది నేనే. మోటారని చెప్పాను గానీ, ఇది కాలదని చెప్పలేదు. కీబోర్డు మీద లూప్‌ని ఆపే మీటలు చూపించనే లేదు. అప్పటి నుంచి మొదటి రోజే ఆగని లూప్ ఒకటి కావాలని నడిపిస్తాను. అందరం చేతులు కట్టుకుని చూస్తాం. ఏమీ కాలదు. తర్వాతే పాఠం.