డ్రైవర్ వైపు తలుపు

పోర్టు పక్కన మల్కాపురంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక పాత అంబాసిడర్ ఇరవై రెండేళ్ళు కదలకుండా ఉండిపోయింది. అది నాది కాదు, నా భార్య అన్నగారిది. అంటే నాకు బావ. ఉద్యోగం నుంచి రిటైరైన నెలకే ఆ బండికి పట్టిన తుప్పు వదిలించే పని పెట్టుకున్నాను. స్టీలు ప్లాంటులో ముప్పై ఏళ్ళు ప్లేట్లతోనూ రేకులతోనూ కాపురం చేసినవాణ్ణి. ఇనుము సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదని ఒక ధీమా ఉండేది. ఆ ధీమా ఒక్క వేసవిలో దిగిపోయింది.

ముందు ఆ కారు మా షెడ్డులోకి ఎలా వచ్చిందో చెప్పాలి. బావ దాన్ని టాక్సీగా తిప్పేవాడు. సరదా మనిషి. ఎవరింట్లో పెళ్ళయినా ముందు అతనే నవ్వేవాడు, అందరికన్నా ఆఖర్న అతనే వెళ్ళేవాడు. కాకపోతే పొద్దు వాలితే మందు పడాలి. ఒక సాయంత్రం మా అమ్మాయిని బడి నుంచి తీసుకొస్తూ లారీని రాసుకుంటూ వచ్చేశాడు. పిల్లకి గీత కూడా పడలేదు. డ్రైవర్ వైపు తలుపు మాత్రం అరచేతి లోతున సొట్టపోయింది. అతని నోటి దగ్గర వాసన వస్తోంది. నా భార్య గుమ్మంలో నిలబడి, వీధి వీధంతా వినేలా, "ఈ కారేసుకుని ఇంకెప్పుడూ నా గుమ్మంలోకి రాకు" అంది.

మర్నాడు తెల్లారేసరికి కారు మా గేటు ముందు ఉంది. తాళం దానికే వేలాడుతోంది. మనిషి లేడు. కారేసుకుని రావద్దంటే, కారు మాకు వదిలేసి రావడమే మానేశాడు. ఫిషింగ్ హార్బర్ వైపు నడిచి వెళ్తుంటే చూశామని ఇద్దరు చెప్పారు. పోలీసు రిపోర్టు ఇచ్చాం, పేపర్లో ఫోటో వేయించాం, బోటెక్కాడేమోనని పారాదీప్ రేవు దాకా పోయి వెతికొచ్చాను. జాడ లేదు.

అప్పట్నుంచి నా భార్య అన్న పేరెత్తలేదు. పోయాడని ఒప్పుకోదు, ఉన్నాడనీ అనదు. ఎవరైనా ఆ మాట తీస్తే లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఏటా దసరాకి నా స్కూటరుకి, గ్యాస్ పొయ్యికి, ఆఖరికి కత్తిపీటకి కూడా బొట్టు పెట్టేది గానీ షెడ్డు వైపు చూసేది కాదు. "దాన్ని తూకానికి ఏసీండి" అని మాత్రం అనేది. నేను వెయ్యలేదు. బావ సముద్రంలోనే పోయాడని నా నమ్మకం. ఆ మాట ఆమెతో ఒక్కసారైనా అనలేకపోయాను. బండి బాగుపడి రోడ్డెక్కితే, ఆ సొట్ట కనబడకుండా పోతే, ఇన్నేళ్ళుగా ఆమె గొంతులో అడ్డం పడ్డది కాస్త కిందికి దిగుతుందని నా ఆశ. తుప్పు వదిలించే పని మొదలుపెట్టింది అందుకే.

సముద్రపు గాలి ఒక పక్క, పోర్టు నుంచి వచ్చే బొగ్గు ధూళి ఒక పక్క. ఆ బండిలో తినడానికి తుప్పుకి ఇంకేం మిగల్లేదు. కాలు పెడితే ఫ్లోరు కిందికి దిగింది. మడ్‌గార్డులు చేతికి పొడిపొడిగా రాలాయి. సీట్లన్నీ పీకేసి ఫ్లోరుకి కొత్త రేకు వేశాను. డ్యాష్‌బోర్డు విప్పితే లోపల బావ దువ్వెన దొరికింది. పళ్ళ మధ్య నాలుగు వెంట్రుకలు, ఇంకా నిగనిగలాడుతూ నల్లగానే ఉన్నాయి. మాకందరికీ తలలు నెరిసిపోయాయి. ఆ దువ్వెన చూడగానే ఎందుకో గబుక్కున వెనక్కి తిరిగి చూశాను. వెనక షెడ్డు గోడ తప్ప ఏమీ లేదు.

గాజువాకలో బళ్ళ సొట్టలు తీసే టింకరింగ్ పని చేసే పాత స్నేహితుడు ఒకడు ఆదివారాలు వచ్చి సాయం పట్టేవాడు. మొదటిరోజే నాకు ఒక సంగతి చెప్పాడు. "కడిగిన రేకు మీద ఉత్త సెయ్యి ఎట్టకు గురూ. ఈ ఊరి గాలికి అసలే ఆగదు. సెయ్యెట్టినావంటే సాయంత్రానికి అచ్చు లేసిపోద్ది." ఆ సంగతి నాకు తెలిసిందే. అందుకే ఎప్పుడూ గుడ్డ గ్లవుజులు వేసుకునే పని చేసేవాణ్ణి.

మే నెలలో డ్రైవర్ వైపు తలుపు పట్టాను. టాక్సీ రంగు కింద ఇంకో రంగు, దాని కింద బూడిదరంగు ప్రైమరు, అన్నీ గ్రైండరుతో లేపేసి తెల్లటి ఇనుము దాకా వెళ్ళాను. సొట్ట పూర్తిగా తీశాకే ప్రైమరు వేస్తానని పట్టుపట్టి, థిన్నరుతో తుడిచి అలాగే వదిలేసి భోజనానికి లేచాను. కాసేపు నడుం వాల్చి నాలుగింటికి వచ్చి చూస్తే, సొట్ట మధ్యలో లేత గోధుమ రంగులో ఒక చెయ్యి ఉంది.

అయిదు వేళ్ళు, అరచెయ్యి. ఎవరో తలుపుకి ఆనుకుని నిలబడి వెళ్ళినట్టుంది. గ్లవుజు ఎప్పుడో తీసి ఉంటానని నన్ను నేనే తిట్టుకుని ఉప్పు కాగితంతో రుద్దేశాను. మర్నాడు అదే వేళకి అదే చోట మళ్ళీ లేచింది. మూడోనాడు రుద్దకుండా వదిలేశాను. తెల్లారేసరికి ఇటుక రంగుకి తిరిగి, తుప్పు అంచులు పాకి, వేళ్ళు లావెక్కాయి. నా చెయ్యి దానికి దగ్గరగా పెట్టి చూసుకున్నాను. నా వేళ్ళ కన్నా అవి పెద్దవి. బావవి పెద్ద చేతులు. స్టీరింగు మీద పెడితే సగం చక్రం కనబడేది కాదు. చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను.

దయ్యాలంటే నవ్వే మనిషిని నేను. క్యాంటీన్లో అలాంటి కబుర్లు చెప్పేవాళ్ళని ఏడిపించి వదిలేవాణ్ణి. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం షెడ్డులోకి వెళ్ళడానికి దగ్గుతూ వెళ్తున్నాను. లోపల ఉన్నవాళ్ళకి తెలియాలన్నట్టు.

ఆదివారం టింకరు వచ్చాడు. ఆ చెయ్యి చూసి నవ్వబోయి ఆగాడు. వేలితో ఆ మరక మీద రాసి నాలిక చివరకి తగిలించుకున్నాడు. "ఇది సెమట కాదు గురూ. ఉప్పు. సముద్రం నీల్లల్లోంచి తీసిన సెయ్యి ఎట్టినట్టుంది" అన్నాడు.

బావ సంగతి అతనికి తెలుసు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. పది నిమిషాలకి చుట్టాలింట్లో ఏదో ఫంక్షనుందని గుర్తొచ్చి సుత్తులు కూడా ఇక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. తర్వాతి ఆదివారం కూడా ఆ ఫంక్షను అవలేదు కాబోలు, రాలేదు. నేను ఆ అచ్చుని రోజూ రుద్దేస్తూనే ఉన్నాను, అది రోజూ లేస్తూనే ఉంది.

నా భార్యతో ఏమీ అనలేదు. అంటే ఏమవుతుందో అని భయం. ఇరవై రెండేళ్ళు పూడ్చిపెట్టినదాన్ని నేనే తవ్వి బయటికి తెచ్చాననిపించింది. అన్నం సహించడం మానేసింది. వరండాలో గుడ్డల మీద విడతలవారీగా మాగాయ ముక్కలు ఎండుతుంటే, ఆ ఉప్పు ఊట వాసనకి కూడా నోరూరలేదు. "ఏటండీ, మెతుకులు లెక్కెడతన్నారా?" అంది ఒకరోజు. ఎండ దెబ్బ అన్నాను.

ఆ మర్నాడు మధ్యాహ్నం నిద్ర పట్టక కళ్ళు మూసుకుని పడుకున్నాను. పోర్టులో ఓడ కూత విని లేచి కూర్చుంటే షెడ్డులోంచి మాటలు వినబడ్డాయి. ఒక్క గొంతే. కాసేపు మాట్లాడి, ఆగి, మళ్ళీ మాట్లాడుతోంది. ఆగిన చోట్ల ఎవరో జవాబు చెబుతుంటే వింటున్నట్టు ఆగుతోంది. ఆ ఆగిన చోట్ల నేను కూడా ఆ రెండో గొంతు కోసం చెవి రిక్కించానని చెప్పడానికి సిగ్గుపడను.

చెప్పుల్లేకుండా వెళ్ళి రేకుల సందులోంచి చూశాను. సీట్లు లేని ఆ డొల్ల బండిలో, ముందు ఎడమ పక్కన వంటింటి పీట వేసుకుని నా భార్య కూర్చుని ఉంది. మొహం డ్రైవర్ సీటు ఉండాల్సిన చోటుకి తిప్పుకుంది. అక్కడ స్టీరింగు తప్ప ఇంకేమీ లేదు.

"పిల్లకి ఉద్యోగమయినాది, అచ్యుతాపురంలో" అంటోంది. "కంపెనీ బస్సులో ఎల్తాది. నువ్వుంటే దింపీవోడివి." ఆగింది. తల ఊపింది. "నీ బండి ఆయనే బాగుసేత్తన్నారు. సొట్ట కూడా తీసీత్తారంట. నాను సెప్తే ఇనరు, నువ్వు సెప్పు." మళ్ళీ ఆగి, ఏదో విన్నట్టు చిన్నగా నవ్వింది. ఆ నవ్వు నేను పెళ్ళయిన కొత్తలో విన్నది.

కాసేపటికి పీట తీసుకుని దిగింది. బండి చుట్టూ తిరిగి వచ్చి, డ్రైవర్ వైపు తలుపు సొట్టలో కుడి అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడింది. ఆ చేతికి మణికట్టు దాకా తెల్లగా ఉప్పు ఆరిపోయి ఉంది. రోజూ మధ్యాహ్నం మాగాయ ముక్కలు ఊటలో వేసి పిసికే చెయ్యి అది. తుప్పు పాకి ఆ చేతిని మగవాడి చెయ్యంత చేసింది. పన్నెండు రోజులు నేను భయపడింది ఆ చేతికి.

లోపలికి వెళ్ళాను. ఆమె ఉలిక్కిపడలేదు. చెయ్యి తియ్యకుండానే, "రోజూ రుద్దీస్తన్నారు మీరు" అంది.

"నీదని నాకేం తెలుసే" అన్నాను.

"రావద్దని నానంటన్నప్పుడు ఆడు ఇక్కడే, ఈ సొట్ట మీద సెయ్యేసుకుని నిల్సున్నాడు. తల ఎత్తనేదు. ఒక్క మాట అన్నేదు. మీరు ఇది తీసీత్తే ఇంక ఆడు ఎక్కడ నిల్సుంటాడు?"

నాకు కోపం వచ్చింది, నా మీదే. చనిపోయినవాడు నా ఇంటి చుట్టూ తిరుగుతున్నాడని వణికాను గానీ, బతికున్న మనిషి నా పక్కనే ఇరవై రెండేళ్ళు ఇలా తిరుగుతోందని ఒక్కనాడూ కనిపెట్టలేకపోయాను. షెడ్డు వంక చూడదనుకున్నానే, నేను డ్యూటీకి వెళ్ళిన ప్రతి మధ్యాహ్నమూ ఆమె ఇక్కడే ఉండేదట. ఆ మాట ఆమె మామూలుగా, కూర సంగతి చెప్పినట్టు చెప్పింది. ఆమె భుజం మీద చెయ్యి వేసి నేనే ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

సొట్ట తియ్యలేదు. ఆఖరి రోజున లేచిన చేతి అచ్చు కూడా రుద్దలేదు. దాని మీదే ప్రైమరు, ఆ పైన నల్ల రంగు కొట్టాను. టింకరు ఫంక్షను ముగించుకుని వచ్చి చూసి, "తుప్పు మీద రంగేత్తావా? ముప్పై ఏల్లు ఏటి నేర్సుకున్నావ్ గురూ?" అని తల కొట్టుకున్నాడు. అతని మాట నిజమే. ప్లాంటులో ఇలాంటి ప్లేటు నా ముందుకి వస్తే, తెచ్చినవాణ్ణి తిట్టి తిప్పి పంపేవాణ్ణి. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ తలుపు మీద నల్ల రంగు కింద వేళ్ళ దగ్గర పొక్కులు లేచాయి. తుప్పు లోపల దాని పని అది చేసుకుంటోంది. చెయ్యనిస్తున్నాను.

బండి ఇప్పుడు నడుస్తుంది. అయితే ఆమె దాన్ని షెడ్డులో పెట్టనివ్వదు. గేటు ముందే ఉండాలంటుంది, తాళం దానికే ఉండాలంటుంది, అతను వదిలి వెళ్ళినట్టే. దొంగలెత్తుకుపోతారే అంటే, "తాలం సూసి ఆడే వచ్చి తీసుకెల్లినాడనుకుంటాను, ఎత్తుకుపోనీండి" అంది.

తెల్లారేసరికి కారు నిండా పోర్టు బొగ్గు ధూళి నల్లగా పరుచుకుని ఉంటుంది. దాని మీద పిల్లి నడిచినా అడుగులు పడతాయి. రోజూ గుడ్డ పట్టుకుని వెళ్ళి, తుడిచే ముందు వంగి డ్రైవర్ వైపు తలుపు మీది ధూళిని చూస్తాను. మొదట్లో ఆమె కోసం చూసేవాణ్ణి. ఇప్పుడు ఎవరి కోసమో నాకూ తెలియదు. వంటింటి కిటికీ దగ్గర నిలబడి, "ఏటైనా ఉందేటండీ?" అని అడుగుతుంది.

"నేదు" అంటాను.

"అయితే తుడిసీండి" అంటుంది.