తొలి కానుపు బిడ్డ కేసు

నేను పుట్టింది శ్రీకాకుళం జిల్లాలో, సముద్రం పక్కనున్న మా అమ్మమ్మగారి ఊళ్ళో. నా తమ్ముడూ చెల్లీ పుట్టింది పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రిలో. అందువల్ల వాళ్ళిద్దరూ అండమాన్ వాళ్ళు, నేను పరాయిదాన్ని. ఈ మాట అన్నది ఇంట్లోవాళ్ళు కాదు, ఆఫీసువాళ్ళు.

మా నాన్న పోర్ట్ బ్లెయిర్‌లోని హాడో రేవులో పనిచేసేవాడు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఓడెక్కి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగువాళ్ళలో ఆయనొకడు. పెళ్ళయ్యాక అమ్మ కూడా వచ్చింది. తొలి కానుపుకి మళ్ళీ పుట్టింటికి వెళ్ళింది. మా ఆడవాళ్ళందరూ అంతే. మూడు రోజులు ఓడలో వాంతులు చేసుకుంటూనైనా సరే, తొలిచూలు ఆడది కన్నతల్లి దగ్గరికి చేరాల్సిందే. రెండో కానుపుకి అంత ఓపిక ఎవరికుంటుంది? అందుకే మా వాళ్ళ ఇళ్ళల్లో పెద్దబిడ్డ అక్కడ పుడుతుంది, మిగతావాళ్ళు ఇక్కడ పుడతారు. దీనివల్ల ఏదో ఒకరోజు ముప్పు వస్తుందని ఎవరూ అనుకోలేదు.

అది నాకే వచ్చింది. టీచరు ట్రైనింగులో సీటు వచ్చింది. చేరాలంటే స్థానికురాలినని సర్టిఫికెట్ కావాలి. కిటికీ వెనక గుమాస్తా నా కాగితాలు తిప్పి చూసి, “పుట్టింది మెయిన్‌ల్యాండులో కదా దీదీ, నహీ మిలేగా” అని తోసేశాడు. మూడు నెలల పసిగుడ్డుగా వచ్చి ఇక్కడే పెరిగానన్నాను. డాలీగంజ్‌లో మా తెలుగు చర్చి పుస్తకంలో నా బాప్తిస్మం రాసి ఉందన్నాను. వినలేదు. ఇంటికొచ్చి చెబితే అమ్మ, “నాదే తప్పమ్మా, నానెల్లకుండా ఉండాల్సింది” అని ఏడ్చింది. సీటు పోతుందన్న భయం కన్నా ఆ మాటకే నాకు ఒళ్ళు మండింది. బిడ్డని కనడానికి తల్లి దగ్గరికి వెళ్ళడం తప్పెలా అవుతుంది? కోర్టుకి వెళ్ళాను.

అప్పుడక్కడ ఉన్న జడ్జిగారిది ఉత్తరాది. విచారణ లేకుండా జనాన్ని జైల్లో ఎందుకు పెట్టారని పైవాళ్ళని అడిగినందుకే ఆయన్ని బదిలీ చేసి నీళ్ళవతలి ఈ దీవుల్లో పారేశారని చెప్పుకునేవారు. ఇక్కడికొచ్చీ మానలేదు. దిగిన వారంలోనే జైలుకెళ్ళి, ఒక్కొక్కరినీ ఎందుకొచ్చావు, ఎన్నాళ్ళైంది అని అడిగి రాసుకున్నారట. ఆయనకింకో పద్ధతి ఉండేది. తీర్పు ఇంగ్లీషులో రాసినా, ఓడిపోయినవాళ్ళని ముందుకి పిలిచి, ఎందుకు ఓడిపోయారో బజారు హిందీలో స్వయంగా చెప్పేవారు. ఫెరార్‌గంజ్ రైతు భూమి పోగొట్టుకుని కూడా, “కనీసం నాకు అర్థమయ్యేలా చెప్పాడు” అంటూ వెళ్ళడం నేను చూశాను.

నా కేసులో ఆఫీసు తరఫు వకీలు వాయిదా మీద వాయిదా అడిగాడు. జడ్జిగారు ఇస్తూ పోయారు, ఏళ్ళు గడిచిపోయాయి. ఎట్టకేలకు అమ్మని బోనెక్కించారు. కానుపుకి మెయిన్‌ల్యాండుకెందుకు వెళ్ళావని వకీలు అడిగాడు.

అమ్మ భయపడుతుందనుకున్నాను. కొంగు బిగించి, “ఏటి బాబూ, తొలి కానుపుకి కన్నోరింటికి ఎల్లకపోతే మీ ఆఫీసుకి రావాలా? పిల్లకి మూడు నెలలు నిండగానే జహాజెక్కీసినాను. నా మొగుడు హాడోలో ఉంటే నాకక్కడేటి పని?” అంది. తెలుగు తెలిసిన కోర్టు గుమాస్తా దాన్ని నవ్వాపుకుంటూ హిందీలో చెప్పాడు.

జడ్జిగారు సర్టిఫికెట్లిచ్చే ఆఫీసరువైపు తిరిగి, “మీ పెద్దబ్బాయి ఎక్కడ పుట్టాడు?” అని అడిగారు. “మా అత్తగారి ఊళ్ళో” అని ఆయన నీళ్ళు నమిలాడు. “అయితే వాడు మీవాడా, మీ మామగారివాడా?” కోర్టంతా గొల్లుమంది. జడ్జిగారు మాత్రం నవ్వలేదు. జవాబు కావాలన్నట్టు చూస్తూ కూర్చున్నారు. చివరికి ఆఫీసరు, “నావాడే” అన్నాడు.

సర్టిఫికెట్ ఇవ్వాలని తీర్పొచ్చింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని దేవుడికి స్తోత్రం చెబుతోంది. అంతలో జడ్జిగారు నన్ను ముందుకి పిలిచారు. ఓడిపోయినవాళ్ళని పిలిచినట్టే. సీటు ఎప్పుడో వేరేవాళ్ళకి వెళ్ళిపోయిందనీ, కొత్తగా చేరడానికి నా వయసు దాటిపోయిందనీ, దాని విషయంలో తానేమీ చెయ్యలేననీ హిందీలో నిదానంగా చెప్పారు.

 నాకు నోరు ఆగలేదు. “ఆలస్యం చేసింది నేనా సాబ్? వాయిదాలు అడిగింది వాళ్ళు, ఇచ్చింది మీరు. వయసు మాత్రం నాది పోయింది” అన్నాను. బంట్రోతు నన్ను పక్కకి లాగబోయాడు. జడ్జిగారు వద్దని చెయ్యెత్తారు. “ఆమె చెప్పింది రాసుకో. అది నిజమని, ఈ ఆలస్యానికి కోర్టుదీ బాధ్యతేనని కూడా రాయి” అని గుమాస్తాకి చెప్పారు.

రిటైరయ్యాక ఆయన తన ఊరు వెళ్ళలేదు. డాలీగంజ్‌లో అద్దె ఇల్లు తీసుకుని, వరండాలో కూర్చుని వచ్చినవాళ్ళకి అర్జీలు రాసేవారు. నేను రేవులో టైపిస్టుగా పనిచేస్తూ, సెలవురోజుల్లో వెళ్ళి తెలుగు కాగితాలు చదివిపెట్టేదాన్ని. ఒకసారి మరో ఇంటి పెద్దకూతురు వచ్చింది. అదే ట్రైనింగు, అదే కిటికీ, అదే నహీ మిలేగా. కోర్టు తన తప్పు ఒప్పుకున్న ఆ పేజీని అర్జీకి జతచేసి కోర్టులో వేశాం. ఈసారి వాయిదాలివ్వడానికి ఏ జడ్జికీ మనసొప్పలేదు. ఆ పిల్ల వేళకి ట్రైనింగులో చేరింది. చేరిన రోజు నేను ఏడ్చాను. సంతోషమని అందరూ అనుకున్నారు. కాదు, నాకు కోపం.

ఆయన పోయాక సంతాప సభ పెట్టారు. పెద్దమనుషులంతా సౌమ్యుడు, అజాతశత్రువు అని పొగిడారు. నీకు న్యాయం చేశారు కదా, రెండు ముక్కలు చెప్పమని నన్ను లేపారు.

“ఆయన నాకు న్యాయం చెయ్యలేదు. చెయ్యలేకపోయానని నా ముందే ఒప్పుకుని, అందరూ చదివేలా రాయించారు. ఇక్కడ మీరింతమంది అధికారం కుర్చీల్లో పనిచేసి వచ్చారు. తప్పు మాదేనని ఆ ఒక్క వాక్యం రాసినవాళ్ళుంటే లేచి నిలబడండి” అన్నాను.

ఎవరూ లేవలేదు. వాళ్ళలో ఒక్కరైనా లేస్తారేమోనని నేను కూర్చోకుండా చాలాసేపు చూశాను.