కోటమ్మ గోంగూర విత్తనం

కోటమ్మ దిగులు పడటానికి పెద్ద కారణం అక్కర్లేదు. పాలు పొంగితే ఒక దిగులు, పొంగకపోతే ఇంకో దిగులు. అయితే కార్తీకం దాటి, ఢిల్లీ శివార్లలో నజఫ్‌గఢ్ అవతల వాళ్ళుండే పల్లెలో మంచు దిగటం మొదలైందంటే మాత్రం ఆమె దిగులుకు అర్థం ఉంటుంది. పెరటి చివర విత్తనానికని వదిలిన గోంగూర సాలు ఒకటి ఉంటుంది. చలి ముదిరేలోగా దాని కాయలు ఎండాలి.

భర్త వీరరాఘవులు సైన్యంలో హవల్దారుగా రిటైరై, కంటోన్మెంటు క్వార్టర్సు ఖాళీ చేశాక ఇక్కడ కాస్త నేల కొని ఇల్లు వేశాడు. మొదటి ఏడు కోటమ్మ రేపల్లె నుంచి తెచ్చిన విత్తనం చల్లింది. ఆకు బ్రహ్మాండంగా వచ్చింది గానీ, పూత పట్టేసరికి చలి కమ్మేసి కాయలు పచ్చిమీదే కుళ్ళిపోయాయి. మరుసటి ఏడు మళ్ళీ తెప్పించుకుంటే మళ్ళీ అదే వరస. ఆ తర్వాత ఒకసారి, మిగతావాటికంటే ముందే పూసిన మొక్క ఒకటి కంటబడింది. దానికి గుడ్డపీలిక కట్టి గుర్తు పెట్టుకుని, రోజూ పొద్దున్నే మంచు దులిపి, ఎలాగో విత్తనం దక్కించుకుంది. అప్పటినుంచీ ఏటా అదే పని. ముందు పూసినదాన్ని ఉంచుకోవటం, తక్కినవాటిని పచ్చడి చేయటం. అలా ఢిల్లీ చలికి తట్టుకునే గోంగూర ఆమె చేతికి వచ్చింది. ఆదివారం పూట ఢిల్లీ ఆర్.కె. పురంలో ఆమె ఆకు సంచీ దించకముందే తెలుగువాళ్ళు చుట్టుముట్టేది ఆ ఆకు కోసమే.

మనిషి మంచిదే. విత్తనం దగ్గర మాత్రం పిడికిలి విప్పదు. పక్కింటి ముసలమ్మ భతేరీని ఊరంతా తాయీ, అంటే పెద్దమ్మ, అని పిలుస్తారు. పచ్చడి రుచి చూసిన ఆ తాయీ నాలుగు గింజలు ఇవ్వమని అడిగితే, వచ్చే ఏడు ఇస్తానంది. వచ్చే ఏడూ అదే మాట చెప్పింది. ఎవరి చేతికిస్తే ఎవరు చెడగొడతారోనని భయం. ఈ ఏడు వానలకు మొదటి విత్తు కొట్టుకుపోయి, రెండోసారి చల్లేసరికి దాచుకున్న సీసా కూడా ఖాళీ అయింది. ఇక ఉన్నదల్లా ఆ సాలే.

ఆ ఆదివారం సాయంత్రం ఆకు అమ్ముకుని వచ్చి పెరట్లోకి చూస్తే సాలు లేదు. కొడవలితో కోసిన మొదళ్ళు మాత్రం మిగిలాయి. కోటమ్మ ఇంట్లోకి కేకేసింది.

“ఏవండీ, ఇక్కడ మొక్కలేయి?”

రాఘవులు తాపీగా బయటికి వచ్చాడు. “తాయీ వచ్చి కోసుకెళ్ళింది గదా. నువ్వే చెప్పావనుకున్నా.”

“నేనెందుకు చెబుతానండీ? మీరు చూస్తా కూర్చున్నారా?”

“మన మంచానికి నులక పేనుద్దంట. చెరువులో నానేస్తానంది.”

ఆ ప్రాంతంలో గోంగూరకు దగ్గర చుట్టమైన మొక్క ఒకటుంది. దాన్ని వండుకోవటం వాళ్ళ ఆనవాయితీ కాదు. పూత కాగానే కోసి, కట్టలు కట్టి, చెరువులో నానేసి నార తీస్తారు. ఆ నారతో మంచాలకు నులక పేనుతారు. పూత అయిపోయినా కోయకుండా వదిలేసిన సాలును చూసి, ఈ మద్రాసీ పిల్లకు నార తీయటం చేతకాదని తాయీ జాలిపడింది. పాపం, మంచే తలపెట్టింది. ఆ మంచితనమే కోటమ్మ విత్తనానికి ఎసరు పెట్టింది.

కోటమ్మ చెరువు దగ్గరికి పరిగెత్తింది. రాళ్ళ బరువు కింద కట్టలు నీళ్ళలో ఉన్నాయి. అన్నీ ఉత్త కాడలే, కాయలున్న కొసలు లేవు. అక్కణ్ణుంచి తాయీ ఇంటికి పరుగు.

“తాయీ, కొసలేం చేశావు?”

“భైంస్‌కి వేశాను బహూ. ఏమైంది?” అంది తాయీ, కోడల్ని పిలిచినట్టు.

కోటమ్మ కొట్టంలోకి దూరింది. గేదె మూతిని పక్కకు నెట్టి గాడిలో చేతులు పెట్టింది. కాయల నూగు వేళ్ళనిండా గుచ్చుకుంది. సగం నమిలినవి, సగం తొక్కినవి. తాయీకి సంగతి అర్థమై, గబగబా పక్కన కూలబడి తనూ ఏరసాగింది. చీకటి పడేవేళకు పిడికెడు కాయలు పోగయ్యాయి. కోటమ్మ ఒక గింజను గోటితో నొక్కి చూసింది. గోరు దిగింది. ఇంకోదాన్ని నొక్కితే గట్టిగా ఉంది. ఏది పండిందో ఏది పచ్చిదో ఆ మసకలో వేరుచేయలేక ఏడుపొచ్చింది. తాయీ మీద పీకలదాకా కోపం వచ్చింది.

“బీజం కోసమని ఒక్కసారైనా చెప్పలేదు కదా బహూ,” అంది తాయీ. “అడిగినప్పుడు ఇచ్చుంటే ఈ పాటికి నా ఇంట్లోనూ ఉండేది.”

కోపం అక్కడే చల్లారి సిగ్గు ముంచుకొచ్చింది. ఆ మాటలో తప్పు ఎక్కడుంది గనక? కోటమ్మ ఒళ్ళోని కాయల్ని రెండు వాటాలు చేసింది. ఒకటి తీసి తాయీ ఓఢ్నీ కొంగులో ముడివేసింది.

“ఇవి నీ దగ్గరుంచు తాయీ. హోలీ అయ్యాక విత్తుదాం.”

తాయీ ఆ ముడి ముట్టుకోవటానికే జంకింది. “నా దగ్గర చెడిపోతే?”

“నా దగ్గర చెడవని ఏముంది?”

మర్నాడు మంచు విడవకముందే గోడ అవతలినుంచి తాయీ పిలిచింది. “బహూ, నాకు కంటిమీద కునుకు లేదు. వీటికి ఎలకలు వస్తాయా? డబ్బాలో పెడితే చెమ్మ పడుతుందా?”