నాంచారయ్య మోకాలు, దివిసీమ ప్రయాణం

పెడన స్టేషనులో పొద్దున ఏడుంపావుకి బండెక్కాను. ఆ సాయంత్రం నాలుగింటికి గుడివాడలో బందరు కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకి ఆ ఏటి ఆఖరి ఆట. నేను ఆ కాలేజీలో చదవలేదు. అసలు ఏ కాలేజీలోనూ చదవలేదు. బట్టల అద్దకానికి టేకు అచ్చులు చెక్కడం నా పని. వారానికోసారి బందరులో అచ్చులు ఇచ్చి వస్తూ కాలేజీ ప్రహరీ పక్కన నిలబడి ఆట చూడడం అలవాటైంది. మూడేళ్ళ డిగ్రీ చదువు వచ్చిన కొత్తల్లో మాట ఇది.

కవుతరంలో ఎక్కిన ఒక రైతు ఎదురుగా కూర్చుని ఎక్కడికని అడిగాడు. చెప్పాను.

“మీ అబ్బాయి ఆడుతున్నాడాండీ?”

“లేదండీ, ఊరికే చూడ్డానికి.”

ఆయన నన్ను కాసేపు జాలిగా చూసి, “పోన్లెండి, గుడివాడలో పెసరట్టు బాగుంటుంది” అన్నాడు.

నిజంగానే బాగుంది. స్టేషను బయట హోటల్లో రెండు తిని, సత్రంలో సంచీ పెట్టి, మూడున్నరకల్లా ఆటస్థలం చేరాను.

రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. అయినా ఆ ఏడాది మా జట్టు ఆడినంత బాగా అంతకు ముందెప్పుడూ ఆడలేదు. కెప్టెన్ మూర్తి అటు చూస్తూ ఇటు బంతి అందించేవాడు. అందుకునేవాడు దివిసీమ కుర్రాడు నాంచారయ్య, ఆరడుగుల పైనే ఉంటాడు. రింగు కింద వాడికి బంతి అందిందంటే నేను చూడకుండానే రెండు పాయింట్లు లెక్క వేసుకునేవాణ్ణి. మూర్తికి అదే చివరి ఏడాది. నాంచారయ్యకి ఇంకా రెండేళ్ళ చదువుంది. ఆ రెండేళ్ళ మీదే నా ఆశంతా.

ఆట అయ్యాక పలకరిద్దామని వెళ్తే వాడు బూట్లు విప్పుకుంటున్నాడు.

“వచ్చే ఏడాది వీళ్ళ సంగతి చూద్దాంలే, అబ్బాయ్” అన్నాను.

“వచ్చే ఏడాది నేనుండను మావయ్యా. ఈ పరీక్షలతో చదువు చాలంటున్నారు నాన్న. కోతలప్పుడు కుంటుతూ వెళ్ళాగా, చదువుకని పంపితే కాలు విరగ్గొట్టుకుంటున్నావన్నారు.”

డిసెంబరులో వాడి మోకాలు వాచిన రోజు నాకు బాగా గుర్తుంది. వాడు పక్కన కూర్చుంటానంటే, ప్రహరీ దగ్గర నిలబడ్డ మేమంతా “నాంచారయ్యా, దిగు!” అని అరిచాం. అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

మర్నాడు వాడు ఊరెళ్తున్నాడని తెలిసి, వాళ్ళ నాన్నతో మాట్లాడదామని నేనూ వస్తానన్నాను.

ఎనిమిదింటికి గుడివాడలో బస్సెక్కి పామర్రులో దిగాం. అక్కడ గంటసేపు నిలబడితేగాని అవనిగడ్డ బస్సు రాలేదు. ఆ దారిన వెళ్ళేవాళ్ళు పామర్రులోనే ఏదైనా తినడం మంచిది. కూచిపూడి, చల్లపల్లి దాటి మోపిదేవి చేరేసరికి సగం బస్సు స్వామి దర్శనానికి దిగిపోయింది. కూర్చోడానికి చోటు దొరికింది. పులిగడ్డ దగ్గర అక్విడెక్టు అనే కాలవ వంతెన మీదుగా ఏరు దాటి, పన్నెండు దాటాక అవనిగడ్డలో దిగాం. అక్కణ్ణించి కోడూరు వైపు వెళ్ళే బస్సులో అరగంట.

నాంచారయ్య నాన్న వీరరాఘవయ్యగారు కళ్ళంలో మినుములు తూర్పారబడుతున్నారు. ఆయన కొడుకు కంటే ఒక అంగుళం పొడుగే. నన్ను చూసి చేట కింద పెట్టారు.

“తమరు కాలేజీ మేష్టారాండీ?”

“కాదండీ, పెడనలో అచ్చులు చెక్కుతాను. మీవాడి ఆట చూస్తుంటాను.”

“అందుకని ఇంత దూరం వచ్చారా?” అని ఆయన ఇంట్లోకి కేకేసి నాకూ విస్తరి వేయమన్నారు. చేపల పులుసుతో కడుపునిండా భోంచేశాక, అసలీ ఆటేమిటని అడిగారు. కళ్ళంలో పుల్లతో గీతలు గీసి చూపించాను. నాంచారయ్య అడుగు ఊడిన గంప ఒకటి తెచ్చి కొబ్బరిచెట్టుకి కట్టాడు. సంచీలోంచి పాత బంతి తీసి మూడుసార్లు వేస్తే మూడూ పడ్డాయి. వీరరాఘవయ్యగారు వేసిన మొదటిది చెట్టుకి తగిలి మినుముల్లో పడింది. అరుగు మీదున్న నాంచారయ్య అమ్మ నవ్వింది. ఆయన పంచె ఎగ్గట్టి, నాలుగోసారికి గంపలో వేసేదాకా ఊరుకోలేదు.

తర్వాత తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నా పక్కన కూర్చున్నారు.

“బాగానే ఉందండీ. మళ్ళీ మోకాలికి తగలదని మీరు చెప్పగలరా?”

“చెప్పలేనండీ” అన్నాను. అంతటితో ఆగితే సరిపోయేది. కానీ ఆయన అన్నం తిని ఆ మాట దాచబుద్ధి కాలేదు. “ఆ రోజు వాడు కూర్చుంటానంటే దిగమని అరిచినవాళ్ళలో నేనూ ఉన్నానండీ. గెలవాలన్న ఆత్రంలో వాడి కాలు చూడలేదు. తప్పు నాది.”

నాంచారయ్య తల వంచుకున్నాడు. ఆయన తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నారు.

“వీణ్ణడిగితే ఆటలో జారిపడ్డానన్నాడు. మీరొక్కరూ ఉన్నదున్నట్టు చెప్పారు” అన్నారు. “చదవమనండి, ఆడమనండి. కానీ డిసెంబరులో కోతలకి పదిహేను రోజులు ఇంటికి రావాలి. ఆటున్నా సరే. కాలు నొప్పంటే మాత్రం...”

“నేనే వాణ్ణి బయటికి లాక్కొస్తానండీ.”

“అయితే సరే.”

నాంచారయ్య లేచి ఎవరూ అడక్కుండానే చేట అందుకుని, మిగిలిన మినుములు తూర్పారబట్టడం మొదలుపెట్టాడు.

మూడింటి బస్సుకి నన్ను ఎక్కించారు. వాళ్ళమ్మ ఇచ్చిన మినుముల మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అవనిగడ్డలో బందరు బస్సు వెంటనే దొరికింది. కిటికీ పక్కన కూర్చుని వచ్చే ఏటి జట్టుని మనసులో నిలబెట్టి చూసుకున్నాను. మూర్తి ఉండడు. వాడి చోటికి ఇద్దరు పొట్టివాళ్ళున్నారు, చురుకైనవాళ్ళే, కానీ తొందరపాటు ఎక్కువ. జనవరి నుంచి రింగు కింద నాంచారయ్య ఉంటాడు. డిసెంబరులో మాత్రం ఎవరూ లేరు. మొదటి రెండు ఆటలూ పోయినట్టే.

బస్సు చల్లపల్లి దాటింది. చేలల్లో మినుము పీకేవాళ్ళు ఇళ్ళకి మళ్ళుతున్నారు. ఓడిపోతామని పది నెలల ముందే తెలిసి కూడా ఇంత తృప్తిగా ఇంటికెళ్ళడం నా ఎరుకలో అదే మొదటిసారి.