మెన్నా వీపు మీద పేర్లు

హెలిగ్ లోయలో మెన్నా ప్రాసర్ నోటికి జంకనివాళ్లు ఒకప్పుడు లేరు. ఆమె బడిలో వంటమనిషి. కూరగాయల వ్యానువాడు మెత్తబడ్డ బంగాళాదుంపలు దించి జారుకుందామని చూస్తే, బస్తా మళ్లీ వాడి చేతనే వ్యానులోకి ఎక్కించేది. హెడ్మాస్టరు కూడా రెండోసారి కస్టర్డ్ కావాలంటే ముందు ఆమె మొహం చూసుకుని అడిగేవాడు. అలాగని జనం ఊరుకునేవాళ్లూ కారు. మాటకు మాట అనేవాళ్లు, దెప్పితే దెప్పేవాళ్లు. ఆమెకు బతుకులో రుచి అదే.

రొమ్ము క్యాన్సర్ వచ్చిన తర్వాత ఊళ్లో అందరూ ఆమెకు ఎదురు చెప్పడం మానేశారు.

ఎడమ రొమ్ము తీసేశారు. ఆ తర్వాత సూదిమందులు. ఆ గదిలో పక్క కుర్చీలో పడింది ఓల్వెన్. లోయలో పై వీధి మనిషి, అప్పటిదాకా ముఖపరిచయమే. ఇద్దరికీ ఒకేసారి జుట్టు ఊడింది, ఒకేసారి నోరు పూసింది. చేతికి గొట్టాలు పెట్టుకుని కూర్చున్న ఓల్వెన్ ఒకరోజు గోడ మీది కాగితం చూపించి, "ఇదిగో, క్యాన్సర్ విరాళాల కోసం ఆడవాళ్ల పరుగట. మనమూ పేర్లిద్దామా?" అంది.

"బస్సు పోతోందంటే కూడా పరిగెత్తని దానివి, నువ్వా?"

"బస్సయితే ఇంకోటొస్తుందే పిచ్చిదానా."

ఆ వేసవిలో ఇద్దరూ పరిగెత్తారు. పరిగెత్తారనడం మర్యాద కోసం. వాన కుండపోత. మెన్నా చొక్కా లోపలి కట్టుడు రొమ్ము తడిసి జారి పొట్ట మీదికి దిగితే, దాన్ని తీసి చేత్తో పట్టుకుని మిగతా దారంతా నడిచింది. నవ్వి నవ్వి ఓల్వెన్ రెండుసార్లు గోడకు చేరగిలబడింది. అందరికన్నా చివర వచ్చారు. అప్పటికి టీ కప్పులు కూడా కడిగేస్తున్నారు. ఇద్దరూ చేపా చిప్స్ కొనుక్కుని బస్‌స్టాపు రేకుల కింద కూర్చుని వేళ్లు కాల్చుకుంటూ తిన్నారు. అంత సంతోషం పెళ్లినాడు కూడా పడలేదని మెన్నా ఇంటికెళ్లి మొగుడు హ్యూతో అంది. అతను ఏమీ అనుకోలేదు.

చలికాలానికి ఓల్వెన్‌కు జబ్బు తిరగబెట్టింది. వసంతంలో డాఫొడిల్ పూలు వచ్చేసరికి ఆమె లేదు.

మరుసటి వేసవి పరుగుకు ముందు ఓల్వెన్ భర్త ఇద్వాల్ మెన్నా వాళ్ల గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. గనులు మూతపడేదాకా గనిలో చేసిన మనిషి, మాట తక్కువ. చేతిలో ఒక చీటీ. 'ఓల్వెన్ కోసం' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. పరిగెత్తేవాళ్లు పోయినవాళ్ల పేర్లు వీపుకు తగిలించుకోవడం మామూలే.

"నేను పరిగెత్తలేను. ఆడవాళ్ల పరుగు కదా. నీ వీపున పెట్టుకుంటావా?" అన్నాడు.

కాదని ఎలా అంటుంది? పెట్టుకుంది. ఇద్వాల్ పాత రైలుకట్ట మలుపు దగ్గర నీళ్లసీసా పట్టుకుని నిలబడి, ఆమె దాటేటప్పుడు టోపీ తీశాడు.

అది చూసిన జనం ఊరుకుంటారా? మరుసటి ఏడు బేకరీ ఆవిడ తన తల్లి పేరు తెచ్చింది. పోస్టు పంచే అతను అక్క పేరు తెచ్చాడు. మెన్నా మృత్యువును ఓడించిన మనిషి, ఆమె వీపున ఉంటే పోయినవాళ్లకూ మంచిదన్నట్టు తెచ్చారు. నాలుగో ఏటికి చొక్కా మీద చోటు చాలక ఆడపడుచు బెరిల్ ఒక గులాబీ రంగు గుడ్డను భుజాల నుంచి వేలాడేలా కుట్టించింది.

బెరిల్ గురించి చెప్పాలి. హ్యూకి అక్క, చర్చి పాటల బృందానికి పెద్ద, ఊళ్లో ఏ పని జరిగినా మైకు ఆమె చేతిలోనే. మెన్నాకు జబ్బు చేసినప్పుడు వారం వారం వచ్చి దుప్పట్లు ఉతికి ఆరేసింది. తర్వాత పరుగు కమిటీని నెత్తికెత్తుకుంది. వాళ్లు పోగుచేసిన విరాళాలతో లోయ ఆసుపత్రికి స్కానింగ్ మెషిన్ వచ్చింది. ఎవర్నీ తిట్టడానికి లేదు. అందరూ మంచివాళ్లే, జరుగుతున్నదీ మంచే. మెన్నా పీకల్లోతు ఇరుక్కుపోయిందంటే అందుకే.

ఆమె నవ్వుతున్న ఫొటో పెద్దది చేసి బస్సు పక్కన అంటించారు. ఆ ఫొటో తీసిన క్షణంలో బూటులో రాయి గుచ్చుకుని ఆమె పళ్లు బిగబట్టింది. ఊరు దాన్ని నవ్వనుకుంది. బేకరీలో క్రీము బన్ను అడిగితే, "నీకు చక్కెర మంచిది కాదు తల్లీ," అని ఓట్స్ రొట్టె చేతిలో పెట్టేవాళ్లు. చిన్న దగ్గు దగ్గితే సాయంత్రానికి మూడిళ్ల నుంచి మాంసం పులుసు గిన్నెలు. ఒకసారి ఉడకని ముల్లంగి ముక్కల మీద కోపమొచ్చి బడి వంటగదిలో తన కింద పనిచేసే అమ్మాయిని నాలుగు దులిపింది. ఆ పిల్ల ఏడవలేదు, తిరగబడలేదు. జాలిగా చూసి, "మీరు కూర్చోండి మెన్నా, మేం చూసుకుంటాం," అంది. ఆ రోజు మెన్నా సామాన్ల గదిలోకి వెళ్లి పిండి బస్తా మీద కూర్చుని చాలాసేపు బయటికి రాలేదు.

ఆరో ఏడు పరుగు దగ్గర పడ్డప్పుడు టీ దగ్గర హ్యూతో అనేసింది.

"ఈసారి నేను పరిగెత్తను."

"సరే."

"సరే అంటే? మీ అక్కకెవరు చెప్తారు?"

హ్యూ రొట్టెకు వెన్న రాయడం ఆపాడు. "మా అక్కకా? నేనా? మెన్నా, నేను గనిలో కప్పు కూలితే బయటపడ్డవాణ్ణే గానీ…"

"పిరికి సన్నాసీ."

"అవును," అన్నాడు హ్యూ ఒప్పేసుకుని.

తనే వెళ్లింది. బెరిల్ ముందుగదిలో అట్టపెట్టెల నిండా గులాబీ చొక్కాలు. వాటి మధ్య కట్టు కట్టిన మోకాలు స్టూలు మీద పెట్టుకుని బెరిల్ కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"కూర్చో మెన్నా. మా వీధి చివర కేరిస్ తెలుసుగా? చిన్నపిల్ల, ముప్పై కూడా లేవు. దానికీ అదే వచ్చింది. ఎడమే. పొద్దున్న నా ఒళ్లో పడి ఏడ్చింది. నీ సంగతి చెప్పాను. చూడు, మా మెన్నా ఎలా పరిగెడుతుందో చూడు, నువ్వూ అలాగే లేస్తావన్నాను. పరుగురోజు నిన్ను చూడ్డానికి వస్తుంది. సరేగానీ, నువ్వేదో చెప్పాలని వచ్చావు?"

కక్కలేక మింగలేక మెన్నా ఒక చొక్కా తీసి మడత పెట్టింది. "నా కొలత చొక్కా తీసుకెళ్దామని," అంది.

పరుగురోజు ఎండ కాసింది. రగ్బీ మైదానం గేటు దగ్గర ఇనుప కంచెల మధ్య ఆడవాళ్లందర్నీ నిలబెట్టారు. మెన్నాను అన్నిటికన్నా ముందు వరసలో, అడ్డంగా కట్టిన తాడు ఛాతీకి తగిలేంత దగ్గరగా. వెనక నుంచి జనం ఒత్తిడి. ఎడమ చేతికి వాపు రాకుండా వేసుకున్న బిగుతు తొడుగు లోపల చెమట. జబ్బు తిరగబెట్టకుండా వేసుకునే మాత్రల వల్ల ఒంట్లోంచి ఆవిర్లు. ఎవరో ఇంకా ఆమె వీపు మీది గుడ్డకు చీటీలు గుచ్చుతూనే ఉన్నారు. "కాస్త వంగు బంగారం, మా నాన్న పేరుకి చోటు లేదు." ఒక పిన్నీసు చర్మానికి తగిలింది. పక్కకి జరగడానికి లేదు, వెనక్కి తిరగడానికి లేదు. కంచె అవతల తలకు రుమాలు కట్టుకున్న కేరిస్ ఆమె మొహంలోకే చూస్తోంది. మెన్నా నవ్వింది. ఆ పని మాత్రం ఆమె మొహానికి బాగా అలవాటైపోయింది.

మైకులో బెరిల్ గొంతు, "వెళ్లండమ్మా!" అంది.

బజారు దాటింది, వంతెన దాటింది. కుర్రపిల్లలు ఆమెను దాటిపోయారు. వెనక చీటీలు టపటపలాడుతున్నాయి. పాత రైలుకట్ట ఎక్కేసరికి ముందూ వెనకా ఎవరూ లేరు. మలుపు దగ్గర ఇద్వాల్ ఎప్పట్లాగే నీళ్లసీసాతో నిలబడి టోపీ తీశాడు.

మెన్నా ఆగిపోయింది. ఆగాలని అనుకోలేదు. కాళ్లే ఆగాయి.

"ఏమైంది? నొప్పా?" అన్నాడు ఇద్వాల్ కంగారుగా.

"కాదు. నేనిక పరిగెత్తలేను ఇద్వాల్. ఇవాళ్టి సంగతి కాదు. అసలే. రెండేళ్లుగా మానేద్దామనే చూస్తున్నా. నువ్విక్కడ నిలబడతావు. నీ మొహం చూసి ఎలా మానను?"

ఇద్వాల్ టోపీని అటూ ఇటూ తిప్పాడు. "నేను నిలబడతాననా?"

"మరి?"

"నువ్వు వస్తావని నేను నిలబడుతున్నా." కట్ట పక్కన రాతి గోడ మీద కూలబడ్డాడు. "ప్రతి ఏడూ ఈ వారం మా చెల్లెలు టెన్‌బీ రమ్మంటుంది, సముద్రం దగ్గరికి. అక్కడ ఒకావిడ ఉంది. బౌలింగ్ ఆటలో పరిచయం. ఇంకేం లేదు, కలిసి టీ తాగుతాం. వెళ్దామనుకుంటా. కానీ నువ్వు దాన్ని వీపున మోసుకుని వస్తుంటే, నేను సముద్రం ఒడ్డున కూర్చుని ఐస్‌క్రీం తింటానా? ఊరేమంటుంది?"

మెన్నా పక్కనే కూర్చుంది. ముందు ఆమెకు నవ్వొచ్చింది. అతనూ నవ్వాడు. కాసేపటికి అతని నవ్వు ఆగిపోయింది.

"అయితే రెండేళ్లుగా నీకు ఓల్వెన్ బరువయిందన్నమాట," అన్నాడు.

"ఓల్వెన్ కాదు. ఓల్వెన్‌ను ఒక్కదాన్నే మోయమంటే చచ్చేదాకా మోస్తాను. దాంతో నవ్వేదాన్ని ఇద్వాల్. ఇప్పుడు దాని పేరు తల్చుకుంటే నీ టోపీ గుర్తొస్తోంది. దాని నవ్వు గుర్తు రావడం లేదు."

ఆ మాట తగిలిందో, మందులా పనిచేసిందో మెన్నాకు తెలియలేదు. ఇద్వాల్ లేచి, ఆమె వెనక్కి వచ్చి, గుడ్డ మీది చీటీల్లో తన చీటీ వెతికి, పిన్నీసు తీసి, మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు. నీళ్లసీసా ఆమె చేతికిచ్చి, వచ్చిన దారి కాకుండా అడ్డదారిన దిగి వెళ్లిపోయాడు.

మిగతా చీటీలు వీపున అలాగే ఉన్నాయి. వాటినేం చెయ్యాలి? కట్ట మీద విప్పి పారేయడానికి అవి చెత్త కాదు కదా. మెన్నా నడుచుకుంటూ మైదానానికి చేరింది. జనం చప్పట్లు కొట్టారు. కేరిస్ కంచె దాటి వచ్చి కావలించుకుంది.

టీ కాచే పెద్ద డబ్బా దగ్గర బెరిల్‌కు చెప్పింది. "వచ్చే ఏడు నేను రాను."

"అలిసిపోయావు, కూర్చో."

"బెరిల్, నేను రాను."

"ఇప్పుడు కాదు, తర్వాత మాట్లాడుకుందాం." బెరిల్ కప్పులు సర్దుతూనే ఉంది. ఒక్కసారి కూడా తలెత్తలేదు.

ఆ తర్వాత ఏడాది పాటు బెరిల్ అవసరమైతే తప్ప మాట్లాడలేదు. హ్యూతో మాట్లాడేది, అదీ మెన్నా వంటగదిలో ఉన్నప్పుడు. బేకరీ ఆవిడ అడక్కుండానే క్రీము బన్ను ఇచ్చింది, కానీ మొహం చూడకుండా ఇచ్చింది. "మా అమ్మ పేరు ఇప్పుడెవరు పెట్టుకుంటారో," అని వెనక వరసలో ఉన్నావిడతో అంది, మెన్నాకు వినపడేలాగే. ఇద్వాల్ వసంతంలో టెన్‌బీ వెళ్లి అక్కడే కొన్నాళ్లున్నాడట. మెన్నా వల్లే అతను చెడిపోయాడని కొందరన్నారు.

వేసవికి బస్సు మీద కొత్త ఫొటో వచ్చింది. పొట్టి పొట్టిగా మొలిచిన జుట్టుతో కేరిస్.

అది చూసిన రోజు మెన్నాకు అన్నం సయించలేదు. తన మెడలోంచి తీసిన తాడు ఆ పిల్ల మెడలో వేసినట్టనిపించింది. మర్నాడు బడి గేటు ముందునుంచి పోతున్న కేరిస్‌ను పట్టుకుంది.

"చూడు, వాళ్లు ఏం చెప్పినా సరే అనక్కర్లేదు. గుడ్డ కుట్టిస్తామంటారు. వద్దను. గట్టిగా అను."

కేరిస్ తెల్లబోయింది. "కుట్టించమని నేనే అడిగాను మెన్నా. నాకు ఇష్టమే. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ గోడకేసి చూస్తూ పడుకున్నాను. ఇప్పుడు వీధిలోకి వస్తే అందరూ పలకరిస్తున్నారు." తర్వాత కాస్త భయంగా అడిగింది. "మీకు ఇష్టం లేకుండానే నవ్వారా ఆ రోజు? నన్ను చూసి?"

"బూటులో రాయి ఉండింది," అంది మెన్నా. అబద్ధమని ఇద్దరికీ తెలిసింది.

పరుగురోజు మెన్నా ఇంట్లోనే ఉంది. ఆ ఏడు పరుగు వాళ్ల వీధిలోంచే పెట్టారు. ముందుగదిలో కూర్చుంటే కిటికీలోంచి కనిపిస్తుంది, తలుపు తీస్తే పలకరించాలి. వంటింట్లోకి వెళ్లింది, అక్కడా మైకు వినిపించింది. హ్యూ తోటలో ఉల్లిమడికి నీళ్లు పెడుతూ తప్పించుకున్నాడు. సొంత ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరిగి తిరిగి, చివరికి విసుగెత్తి, కుర్చీ ఈడ్చుకుని వెళ్లి గుమ్మం ముందు వేసుకుని ఇంటి చెప్పులతోనే కూర్చుంది. చూసేవాళ్లు చూడనీ అనుకుంది.

చూశారు. కొందరు చెయ్యెత్తారు, కొందరు మొహం తిప్పుకున్నారు. కేరిస్ ఎర్రబడ్డ మొహంతో, వీపున చీటీల గుంపుతో వచ్చింది. "రండి మెన్నా!" అని అరిచి ఆగకుండా వెళ్లిపోయింది. ఆ ఒక్క క్షణం మెన్నా కాళ్లు కుర్చీ కింద కదిలాయి. అవి ఎందుకు కదిలాయో ఆమెకు అర్థం కాలేదు. పరిగెత్తితే ఊపిరాడదు, కూర్చుంటేనూ అంతే.

అందరూ దాటిపోయాక బెరిల్ వచ్చింది. మైకు భుజాన వేలాడుతోంది, మోకాలు ఈడుస్తోంది. రాలిన చీటీలు ఒక్కొక్కటే ఏరుకుంటూ వస్తోంది. గుమ్మం ముందున్న చీటీ కోసం బెరిల్ వంగబోయి వంగలేకపోయింది. మెన్నా లేచి ఆ చీటీ తీసి, తుడిచి, ఆమె చేతిలో పెట్టింది.

"మోకాలు చచ్చింది," అంది బెరిల్. ఏడాదిలో అవసరం లేకుండా ఆమె అన్న మొదటి మాట అదే.

"కూర్చో."

బెరిల్ కుర్చీలో కూర్చుంది. మెన్నా లోపలికి వెళ్లి టీ కలిపి తెచ్చింది. బెరిల్ రెండు గుటకలు తాగి, కప్పులోకి చూస్తూ, "వచ్చే ఏడు నువ్వు టీ దగ్గరైనా…" అని మొదలుపెట్టింది.

"వద్దు బెరిల్."

"సరే." ఇంకో గుటక తాగింది. "చక్కెర వెయ్యలేదు."

"వేశాను. కలుపుకో."

బెరిల్ చెంచా అడగలేదు. భుజాన వేలాడే మైకును వెనక్కి నెట్టి, కప్పును అటూ ఇటూ ఊపి కలుపుకుంది. వీధి చివర మైదానంలో చప్పట్లు మొదలయ్యాయి. వెళ్లాలి అంది బెరిల్, కానీ లేవలేదు.