బొట్టు పెట్టిన నీలి డ్రమ్ము

నిన్న ఫోన్‌లో చెప్పుల కోసం వెతుకుతుంటే నీలి రంగు ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి అమ్మకానికి కనిపించింది. సగానికి కోసి, మెత్త వేసి, కుర్చీ చేశారు. కింద 'పాతకాలపు అందం' అని రాశారు. ఎవడికి అందం?

చూడగానే ముక్కుకు ఆ వాసన తగిలింది. కాజీపల్లిలో నాతో పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మందుల కంపెనీల్లో రసాయనాలు ఖాళీ అయిన ఆ డ్రమ్ములు మనందరి ఇళ్లలోనూ ఉండేవి కదా!

మా బాపు ఓ దసరాకు ముందు ఒకటి సైకిల్ వెనక కట్టుకొని తెచ్చాడు. గల్లీ అంతా బయటికొచ్చి చూసింది. అమ్మ చింతపండు, బూడిద వేసి తోముతుంటే దాని మీద అంటించిన కాగితంలో పుర్రె బొమ్మ కనిపించింది.

"గీ బొమ్మేంది బాపూ?" అని అడిగాను.

"గది కంపెనోళ్ల గుర్తు బిడ్డా. కడిగినంక ఏం గాదు."

అమ్మ ఆ కాగితాన్ని గోటితో గీకేసి, సరిగ్గా అక్కడే పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆ రోజు నుంచి తాగే నీళ్లు అందులోనే. మొదట్లో చేదుగా ఉండేవి. తర్వాత చేదు పోయిందో, మాకే అలవాటైందో తెలియదు.

పోయిన నెల సంగారెడ్డిలో అమ్మ కిడ్నీల రిపోర్టు చూసిన డాక్టర్, "ఇన్నేళ్లూ ఏ నీళ్లు తాగారమ్మా?" అని అడిగాడు. కారణం ఇదీ అని ఆయన అనలేదు, అడిగాడంతే. అమ్మకు రోషం వచ్చింది.

"మా ఇంట్ల నీళ్లు మస్తు సాఫ్ ఉండె సారూ. ఈగ వడుతదని డ్రమ్ము మూత ఎన్నడు తీసి పెట్టలే."